దమయంతి టీచరు వాగ్భారం

మా మొగిలికుంట హైస్కూల్లో పదో తరగతికి తెలుగు పాఠం జరిగేటప్పుడు, పక్కనున్న తొమ్మిదో తరగతి పిల్లలు గోడకు చెవులానించి కూర్చునేవాళ్ళు. ఆ గంటలో తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పేది నేనే కనుక ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఖండాలూ సముద్రాలూ దాటి నేనెంత దూరం వెళ్ళినా నా వెంట ఎవరూ వచ్చేవారు కాదు. మొదట్లో కోపం వచ్చింది. పోనుపోను నా కుర్చీని కూడా గోడవైపు జరుపుకున్నాను.

గోడ అవతల పాఠం చెప్పేది దమయంతి టీచరు. ఆవిడ పాఠం తయారుచేసుకునే పద్ధతే వేరు. పొద్దున పిల్లలు ఎక్కే బస్సులోనే వస్తుంది. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పోయి పిల్లల మధ్య నిలబడుతుంది. వాళ్ళు దేనిగురించి తగాదా పడుతున్నారో వింటుంది. ఆనాటి పాఠం ఆ తగాదాలోంచి మొదలవుతుంది. ఒకసారి, డ్రైవరు బడి దగ్గర ఆపకుండా తిన్నగా ఊళ్ళోకి తీసుకుపోతున్నాడని పిల్లలు అతన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆరోజు ఆవిడ లేఖారచన ఎత్తుకుంది. తిట్లన్నీ బోర్డుకు ఒకవైపు రాయించింది. వాటిని మర్యాదలోకి మార్చి రెండోవైపు రాయించింది. అలా తయారైన అర్జీ డిపో మేనేజరుకు పోయింది. నెల తిరక్కుండా బస్సు బడి ముందు ఆగింది. అర్జీ అంటే ఐదు మార్కుల ప్రశ్న అని మిగతా బళ్ళలో పిల్లలు అనుకుంటారు. మా పిల్లలు మాత్రం అది బస్సుకు బ్రేకు అనుకుంటారు.

బడి ఇలా నడుస్తూ ఉండగా దాన్ని బాగుచెయ్యాలని పైవాళ్ళకు తోచింది.

బడులు తెరిచిన కొత్తలో మండల కేంద్రంలో సమావేశం పెట్టారు. విద్యార్థి కేంద్రిత బోధనా పథకానికి ప్రత్యేక పర్యవేక్షకులైన చిదంబరేశ్వరరావు గారు మైకు ముందుకొచ్చి, ఉపాధ్యాయులు ఎక్కువ మాట్లాడకూడదనే విషయం మీద భోజనాల వేళ దాటిపోయేదాకా మాట్లాడారు.

"విద్యార్థియే జ్ఞాన నిర్మాత. ఉపాధ్యాయుడు కేవలము సౌలభ్యకర్త. నేడు మన తరగతి గదులలో నెలకొనియున్న ప్రధాన రుగ్మత ఏమి? ఉపాధ్యాయ వాగ్భారము! ఆ భారము క్రింద పసి మనస్సులు నలిగిపోవుచున్నవి. కావున ఇకపై పీరియడుకు వాగ్భారము ఐదు నిమిషములకు మించరాదు!"

మా లెక్కల మాస్టారు లేచి, "మరి సిలబస్ ఎట్టా అయిద్దండీ?" అన్నాడు.

"ఈ ప్రశ్నలోనే తమ వాగ్భారము వ్యక్తమగుచున్నది," అన్నారు చిదంబరేశ్వరరావు గారు. లెక్కలాయన కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి తరగతికొక ఇత్తడి గంట వచ్చింది. ఐదు నిమిషాలు కాగానే గంట కొట్టి ఉపాధ్యాయుణ్ణి ఆపడానికి ప్రతి తరగతిలో ఒక విద్యార్థిని 'కాలపాలకుడు'గా నియమించాలి. పదో తరగతికి పెంచల్ అనేవాడు కాలపాలకుడయ్యాడు. వాడికి టీచర్ని ఆపాలని ఎన్నడూ లేదుగానీ, గంట కొట్టాలని మాత్రం ఒకటో తరగతి నుంచీ ఉంది.

దమయంతి టీచరు దీనికి పెద్దగా బాధపడలేదు. "ఐదు నిమిషాలు చాల్లెండి. తక్కువ మాటలే ఉంటే మంచివి ఏరుకుంటాం," అంది స్టాఫ్‌రూంలో. నిజానికి ఆవిడ తరగతిలో ఎప్పుడూ ఎక్కువగా మాట్లాడేది పిల్లలే. చిక్కల్లా వాళ్ళు ప్రశ్నలు అడగడంతో వచ్చింది. ఈవిడ జవాబు మొదలుపెట్టేది. గంట మోగేది. సగం జవాబు నోట్లో పెట్టుకుని ఆవిడ, సగం ప్రశ్న చేతిలో పట్టుకుని పిల్లలు, ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

దసరాకు ముందు రెండో ఉత్తర్వు వచ్చింది. విద్యార్థి తాను స్వయంగా నిర్మించుకున్న జ్ఞానాన్ని సరిదిద్దడం అంటే కట్టిన ఇంటిని కూల్చడమే కాబట్టి, ఇకమీదట ఎవరూ ఎవర్నీ సరిదిద్దకూడదని దాని సారాంశం.

ఆ వారం పదో తరగతి పిల్లలు జట్లుగా కూర్చుని ద్వంద్వ సమాసాన్ని స్వయంగా నిర్మించారు. ద్వంద్వయుద్ధం అనే మాట అందరికీ తెలుసు. కనుక ద్వంద్వ సమాసమంటే ఇద్దరు పోట్లాడుకునే సమాసమని తేల్చారు. 'తల్లిదండ్రులు' ద్వంద్వమే, రోజూ చూస్తున్నదే. 'అన్నదమ్ములు' ద్వంద్వమే, పొలం గట్టు దగ్గర తెలుస్తుంది. 'అత్తాకోడళ్ళు' అయితే అన్నిటికన్నా గట్టి ద్వంద్వం. 'పాలునీళ్ళు' మాత్రం కాదు, అవి తగాదా లేకుండా కలిసిపోతాయి. ఇదంతా రంగురంగుల చార్టు మీద రాసి గోడకు అంటించారు. తనిఖీకి వచ్చిన ఒకాయన ఆ చార్టుకు ఫొటో తీసుకుని, 'సందర్భోచిత జ్ఞాన నిర్మాణం' అని మెచ్చుకుని పోయాడు. దమయంతి టీచరు ఆ చార్టు ముందు నిలబడి, తీసిన ఎర్ర పెన్నుకు మళ్ళీ మూత పెట్టింది.

మా హెడ్మాస్టరు మాలకొండయ్య గారు చాలా జాగ్రత్తపరులు. ఏ ఉత్తర్వు వచ్చినా అందులో ఒక సందేహం వెతికి పైకి రాస్తారు. "కేంద్రంలో విద్యార్థి ఉండగా ఉపాధ్యాయుడు ఎక్కడ ఉండవలెను?" అని రాశారు. "పరిధిపై" అని జవాబొచ్చింది.

ఆయన ఆ కాగితం పట్టుకుని లెక్కల మాస్టారి దగ్గరికి వచ్చారు. "పరిధి అంటే ఏందయ్యా?"

"వృత్తం చుట్టూ ఉండే గీత సార్. గదికైతే గోడలు అనుకోవచ్చు."

మర్నాటినుంచి అందరం గోడకు వీపు ఆనించి నిలబడ్డాం. మా బల్లలూ కుర్చీలూ స్టోరురూంలోకి పోయాయి. మాలకొండయ్య గారు ఊరుకోకుండా, గోడ లోపలి వైపా బయటి వైపా అని మళ్ళీ రాశారు. బయటి వైపు ఉత్తమమని జవాబొచ్చింది. అప్పటినుంచి మేం వరండాలో నిలబడి కిటికీల్లోంచి సౌలభ్యం కలిగించసాగాం. కార్తీకం వానల్లో గొడుగులు వేసుకుని కలిగించాం.

అందరిలోకీ బాగుపడింది హిందీ మాస్టారు. ఆయనకు గొంతు వాచి, డాక్టరు మాట్లాడవద్దన్నాడు. రెండు నెలలు నోరు తెరవకుండా కషాయం తాగుతూ వరండాలో కూర్చున్నందుకు ఆయనకు 'వాగ్భార రహిత ఉపాధ్యాయుడు' అని శాలువా కప్పారు. ఆ సభలో ఆయన కృతజ్ఞతలు కూడా చెప్పలేదు. అది చూసి చిదంబరేశ్వరరావు గారు మరింత ముగ్ధులయ్యారు.

అర్ధ సంవత్సర పరీక్షలో పదో తరగతి మొత్తం ద్వంద్వ సమాసం పోట్లాట గురించే రాసింది. తప్పు అని పెట్టడానికి వీల్లేదు. రేపు పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్ళు ఇలా ఊరుకోరు. దమయంతి టీచరు ఆ పేపర్ల కట్ట ముందు చాలాసేపు కూర్చుని, ఉన్నట్టుండి లేచి, వరండా దాటి, తరగతిలోకి నడిచింది. కిటికీ పక్కన రెండో బెంచీలో కూర్చునే రిజ్వానా అడిగింది.

"మేడం, ఇది తప్పు గదా? మీరు చెప్పబళ్ళా?"

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు దాటాయి. పెంచల్ గంట ఎత్తాడు. ఎత్తి, దాని నాలుకను గుప్పిట్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కానీ ఆ వేళకే మండల కార్యాలయం మనిషొకడు వరండాలోంచి పోతూ ఆగాడు. ఆవిడ చెప్పడం పూర్తికాలేదు.

మూడోనాడు మెమో వచ్చింది. "తాము నిబంధనలకు విరుద్ధముగా, విద్యార్థులు అడిగినంత మాత్రాన, వారికి అర్థమగు రీతిలో పాఠము చెప్పియున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇది పునరావృతమైనచో తమను బోధన నుండి తొలగించి జిల్లా పాఠ్యపుస్తకముల గోదామునకు పంపుట జరుగును."

మాలకొండయ్య గారు ఆ మెమో పట్టుకుని స్టాఫ్‌రూంలోకి పరుగెత్తుకొచ్చారు. "ఎందుకమ్మా పాఠం చెప్పావు?"

"పిల్లలు అడిగారు సార్."

"అడిగితే మాత్రం చెప్పేస్తావా?"

ఆవిడ మర్నాటినుంచి బస్సులో ముందు సీట్లో, కండక్టరు పక్కన కూర్చుని రావడం మొదలుపెట్టింది. వెనకేం తగాదా జరుగుతోందో వినిపించకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చేది. "విని ఏం చేసుకోను మాస్టారూ?" అంది నాతో ఒకరోజు. "విన్నది వాడుకోలేనప్పుడు వినకపోవడమే సుఖం." ఇరవై ఏళ్ళుగా ఆవిడ స్టాఫ్‌రూంలో ఉంటే మాకు ఫ్యాను చప్పుడు వినపడేది కాదు. ఆ రోజుల్లో మాత్రం ఫ్యాను చప్పుడు ఒకటే వినపడేది.

పబ్లిక్ పరీక్షలు రెండు నెలలున్నాయనగా చిదంబరేశ్వరరావు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. వెంట సహాయకుడు శ్రీమన్నారాయణ, అతని చంకలో పథకం నియమావళి, చేతిలో స్టాప్‌వాచీ. తిన్నగా పదో తరగతిలోకి వెళ్ళారు. దమయంతి టీచరు పరిధికి అవతల, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. మాలకొండయ్య గారూ నేనూ తలుపు దగ్గర నిలబడ్డాం.

"చిరంజీవులారా! ఈనాటి కృత్యమును ఎవరు నిర్ణయింతురు?" అన్నారు చిదంబరేశ్వరరావు గారు.

"మేమే సార్!" అంది తరగతి.

"ఎవరి ఇష్టానుసారము?"

"మా ఇష్టానుసారం సార్!"

"భేష్. అయితే స్వేచ్ఛగా ఎంచుకొనుడు. నాటకమా? చిత్రలేఖనమా? మట్టిబొమ్మలా?"

రిజ్వానా లేచి నిలబడింది. "మేడం లోపలికొచ్చి పాఠం చెప్పాల సార్."

చిదంబరేశ్వరరావు గారు నవ్వారు. "అది కృత్యము కాదు తల్లీ."

"మేం వింటాం గద సార్. వినడం కృత్యం కాదా?" ఆ పిల్ల గోడమీద ఆయన కార్యాలయం పంపిన చార్టు చూపించింది. అందులో భాషానైపుణ్యాలు నాలుగున్నాయి. "మాట్టాడేది చేశాం, చదివేది చేశాం. రాసి రాసి, బొమ్మలు గీసి గీసి స్కెచ్ పెన్నులన్నీ అయిపోయినయ్. మొదటిదే చెయ్యలా. మాకు వినాలని ఉంది సార్."

"ఏమి వినవలెనని?"

"ద్వంద్వ సమాసం. ఇద్దరు పోట్లాడుకోకపోతే అది ద్వంద్వం అయిద్దో కాదో మాకింకా తేలలా. పరీక్షలు దగ్గరికొచ్చినయ్."

"ఇంకెవరికైనా వేరొక కృత్యము కావలెనా?" అని ఆయన తరగతంతా కలయజూశారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మట్టిబొమ్మలకు పేరుమోసిన మస్తాన్ కూడా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

అధికారులిద్దరూ వరండాలోకి వచ్చి నియమావళి తిరగేశారు. శ్రీమన్నారాయణ ఒకచోట వేలు పెట్టి మెల్లగా చదివాడు. "విద్యార్థి ఎంపికను నిరాకరించు అధికారము ఎంతటి అధికారికిని లేదు."

"ఎవడు రాశాడయ్యా ఇది?" అన్నారు చిదంబరేశ్వరరావు గారు, మొదటిసారిగా మామూలు తెలుగులో.

"తమరే సార్."

దమయంతి టీచర్ని లోపలికి రమ్మన్నారు. ఆవిడ గడప దాటి, బల్ల ఉండాల్సిన చోట బల్ల లేకపోవడంతో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, కొంగుకు తుడుచుకుంది. అధికారులు వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు.  గోదాముకు ఎలాగూ పంపుతారు, ఆవిడ మాట తడబడకుండా ఉంటే చాలనుకున్నాను.

"ఇవాళ బస్సులో దేనికి తగాదా?" అంది ఆవిడ. "నేను ముందు కూర్చున్నాను. వినపళ్ళా."

పిల్లలు నవ్వారు. "కిటికీ సీటుకి మేడం. పెంచలూ మస్తానూ కొట్టుకున్నారు."

ఆవిడ బోర్డుమీద 'పెంచలమస్తానులు' అని రాసింది. "ఇప్పుడు వీళ్ళిద్దర్నీ ఒకే మాటలో కూర్చోబెట్టాను. ఇందులో ఎవరు ఎక్కువ?"

"ఎవరూ లేరు మేడం. ఇద్దరూ ఒకటే."

"కిటికీ సీటెవరిది?"

తరగతి ఆలోచించింది. ముందు పెంచలే అన్నాడు, "ఇద్దరిదీ మేడం."

"అంతే. ఈ సమాసంలో రెండు పదాలకీ కిటికీ సీటే. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. అదీ ద్వంద్వమంటే. పోట్లాడుకున్నా ద్వంద్వమే, పోట్లాడకపోయినా ద్వంద్వమే."

"అయితే పాలునీళ్ళు?" అన్నారెవరో.

"పాలకీ కిటికీ సీటే, నీళ్ళకీ కిటికీ సీటే."

"తల్లిదండ్రులు?" అంది రిజ్వానా. "మా ఇంట్లో కిటికీ సీటు ఎప్పుడూ మా నాన్నదే మేడం."

"అది ఇంటి తప్పు," అంది దమయంతి టీచరు. "వ్యాకరణం తప్పు కాదు."

పిల్లలు చేతులెత్తుతున్నారు, కొత్త జంటలు చెబుతున్నారు, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు సరిదిద్దుతున్నారు. పెంచల్ గంట సంగతి మరిచిపోయి తనే లేచి నిలబడి మాట్లాడుతున్నాడు. స్టాప్‌వాచీ నొక్కడం శ్రీమన్నారాయణ ఎప్పుడో మానేశాడు. ఆ ఊపులో అతని చెయ్యి కూడా లేచింది.

"మేడం, 'అధికార్యుపాధ్యాయులు' ద్వంద్వమేనా?"

"వ్యాకరణం ప్రకారం ద్వంద్వమే సార్," అంది ఆవిడ.

చిదంబరేశ్వరరావు గారు అతనివైపు చూశారు. చెయ్యి దిగిపోయింది.

పాఠం అయ్యాక ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా జీపెక్కారు. "అయిపోయిందమ్మా," అన్నారు మాలకొండయ్య గారు. "గోదాములో ఎలకలెక్కువంట, జాగ్రత్త." ఆవిడ మాత్రం ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్న మనిషిలా ఉంది. "పోనివ్వండి సార్. ద్వంద్వం తేలిపోయింది," అంది.

గోదాము ఉత్తర్వు రాలేదు. రెండు వారాలకు ఇంకో ఉత్తర్వు వచ్చింది. మొగిలికుంటలో జరిగిన విశేష అధ్యయనం వల్ల విద్యార్థులకు వినవలెననే తహతహ మిక్కుటంగా ఉన్నట్లు కనుగొన్నారట. కనుక 'శ్రవణామృతం' అనే నూతన పథకం ప్రవేశపెట్టారు. ఇకపై ఉపాధ్యాయుడు పీరియడు మొత్తం ఆపకుండా మాట్లాడాలి. పిల్లలు రోజూ పొద్దున చేతులెత్తి ఈ కృత్యాన్ని తమ ఇష్టానుసారం ఎంచుకోవాలి. ఎంచుకోని బడిపై చర్య ఉంటుంది. పాఠం మధ్యలో విద్యార్థి ఎవరైనా మాట్లాడితే అది 'విద్యార్థి వాగ్భారం'. గంట కొట్టాలి.

హిందీ మాస్టారికి మౌనం పాటించినందుకు మెమో వచ్చింది. గొంతు అప్పటికి నయమైపోయింది కాబట్టి ఆయన గట్టిగానే విచారించారు.

పాఠం ఎలా చెప్పాలో నేర్పడానికి మమ్మల్ని జిల్లా కేంద్రంలో శిక్షణకు పంపారు. నేర్చుకోవలసిన వారి పేర్లలో మొదటిది దమయంతి టీచరుది. నేర్పడానికొచ్చిన కుర్రాడు తెరమీద బొమ్మలు వేసి, బస్సులో పిల్లల తగాదా వినడం, దాంతో పాఠం మొదలుపెట్టడం అనే అధునాతన పద్ధతిని వివరించాడు. ఆవిడ చెయ్యెత్తింది.

"బాబూ, ఒకవేళ ఆ రోజు ఏ తగాదా లేకపోతే ఏం చెయ్యాలి?"

"మేడం, ఇది శ్రవణ కార్యక్రమం," అన్నాడా కుర్రాడు వినయంగా. "మీరు వినాలి."

ఆవిడ వింది. తిరిగొచ్చిన మర్నాడు బస్సులో వెనక్కి పోయి పిల్లల మధ్య నిలబడింది. పీరియడు మొదలవగానే పదో తరగతి తలుపు దగ్గరికి వేసింది. లోపల ఏం జరుగుతుందో నేను అధికారికంగా చూడలేదు. నవ్వులు మాత్రం వినిపించాయి. ప్రశ్నలు వినిపించాయి. తగాదా కూడా వినిపించింది.

ఎదురుచూడని పని చేసింది మాలకొండయ్య గారు. ఉద్యోగంలో చేరాక ఒక్క ఉత్తర్వునూ జవదాటని ఆ మనిషి, తన కుర్చీ తెచ్చుకుని ఆ తలుపు పక్కన వరండాలో వేసుకున్నారు. "నువ్వు చెప్పుకోమ్మా," అన్నారు. "ఎవరన్నా వస్తే నేను దగ్గుతా."

పదిరోజుల తర్వాత జీపు వచ్చింది. మాలకొండయ్య గారు దగ్గారు. లోపల సద్దు మణిగింది. చిదంబరేశ్వరరావు గారు తలుపు తోసేసరికి పిల్లలు చేతులు కట్టుకుని ఉన్నారు, దమయంతి టీచరు ఏకధాటిగా మాట్లాడుతోంది. ఆయన కళ్ళు చెమర్చాయి. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఈసారి ఇద్దరు పెద్దలకు చూపించడానికి. మాలకొండయ్య గారు మరింత గట్టిగా దగ్గారు. ఆ వారంలోనే మూడోసారి వచ్చినప్పుడు ఆ దగ్గు వీధి చివరిదాకా వినపడింది.

"మీ ఆరోగ్యము క్షీణించుచున్నదే!" అన్నారు చిదంబరేశ్వరరావు గారు.

"బడి దుమ్మండి," అన్నారు మాలకొండయ్య గారు.

ఆ నెలాఖరుకు 'కాసరహిత పాఠశాల' పథకం వచ్చింది. కాస అంటే దగ్గు అని దమయంతి టీచరు చెబితే మాకు తెలిసింది. పాఠశాల ఆవరణలో ఉపాధ్యాయులెవరూ దగ్గరాదు. దగ్గినవారిని వెంటనే జిల్లా ఆసుపత్రిలో పరిశీలనకు చేర్చాలి. మొదట తీసుకుపోయింది మాలకొండయ్య గారినే. ఆయన వ్యాను ఎక్కుతూ నన్ను పక్కకు పిలిచి, "ఆ కుర్చీ ఖాళీగా ఉంచమాకయ్యా," అన్నారు.

ఆ గంట ఖాళీ వచ్చేలా టైంటేబుల్ మార్పించుకుని ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. దగ్గడానికి ఎలాగూ వీల్లేదు. జేబులో నస్యం డబ్బీ పెట్టుకుని తుమ్ము సాధన చేస్తున్నాను.